పాస్ అవుట్ అయ్యారా, ఎప్పుడు?

(ప్లెయిన్స్‌బరో, వెస్ట్ విండ్సర్ పరిసరాల తెలుగు కుటుంబాల కోసం చేసిన రేడియో ప్రసంగానికి అక్షరరూపం. మాట్లాడిన తీరు చాలావరకు అలాగే ఉంచాం.)

ఇవాళ ఒకే ఒక్క ఇంగ్లీషు మాట గురించి మాట్లాడుకుందాం. ఆ మాట "పాస్ అవుట్".

మనవాళ్ళిద్దరు కొత్తగా కలిస్తే, ఏ ఊరు, ఏ కాలేజీ అయ్యాక మూడో ప్రశ్న ఇదే కదండీ. "ఏ ఇయర్లో పాస్ అవుటయ్యారు?" "నైంటీ ఎయిట్ అండీ, కాకినాడ." "అరె, మా బావమరిది మీకు ఒక ఏడు జూనియరు!" అక్కడితో చుట్టరికం కలిసిపోతుంది. అది ఇంగ్లీషు మాటన్న సంగతి కూడా మనకి గుర్తుండదు. బస్సు, రోడ్డు, టిక్కెట్టులాగా తెలుగులో కలిసిపోయింది.

ఇదే ముక్క పక్క అపార్ట్‌మెంటులో ఉన్న అమెరికన్‌తో ఇంగ్లీషులో అని చూడండి. "ఐ పాస్‌డ్ అవుట్ ఇన్ నైంటీన్ నైంటీ ఎయిట్." ఆయనకి వినిపించేది ఏమిటంటే, "1998లో నేను స్పృహ తప్పి పడిపోయాను" అని. సంవత్సరంతో సహా గుర్తుపెట్టుకుని చెబుతున్నారంటే అదేదో పెద్ద గండమే అయి ఉంటుందని పాపం ఆయన అనుకుంటాడు. మర్యాదస్తుడైతే "ఇప్పుడు ఒంట్లో ఎలా ఉంది?" అని అడిగి ఊరుకుంటాడు.

ఆఫీసులోనో పార్టీలోనో అయితే నవ్వుకుని వదిలేయొచ్చు. కానీ ఈ మాట ఆస్పత్రిలో వినిపించినా, 911కి ఫోను చేసినప్పుడు వినిపించినా నవ్వులాట కాదు. మన ఇళ్ళకి ఆరేసి నెలలు ఉండడానికి వచ్చే అమ్మానాన్నలు, అత్తమామలు డెబ్భై దాటినవాళ్ళు. పగలు మనం ఆఫీసుల్లో ఉంటాం. ఇంట్లో ఉండేది వాళ్ళూ, బడినుంచి వచ్చిన పిల్లలూ. ఏదైనా జరిగితే మొదటి ముక్క ఇంగ్లీషులో చెప్పాల్సినవాళ్ళు వీళ్ళే. ఈ ఊళ్ళో ఇది ఒకటి రెండు ఇళ్ళ సంగతి కాదు. 2010 జనగణననాటికే ప్లెయిన్స్‌బరో జనాభాలో దాదాపు సగం మంది ఆసియా మూలాలవాళ్ళు. సాయంత్రం ఏ అపార్ట్‌మెంట్ల చుట్టూ చూసినా నడకకి బయల్దేరిన తాతగార్లు కనిపిస్తూనే ఉంటారు.

ముందు ఈ మాట తయారైన తీరు చూద్దాం. ఒక క్రియ, దాని వెనక అవుట్, ఆఫ్, అప్, ఆన్ లాంటి ఒక బుల్లి ముక్క. వ్యాకరణంలో వీటిని ఫ్రేజల్ వెర్బ్ అంటారు. విడివిడిగా రెండు ముక్కల అర్థమూ మనకి తెలుసు. రెండూ కలిస్తే వచ్చే అర్థం మాత్రం ఊహకి అందదు. ఇదంతా ఇంగ్లీషువాళ్ళ పిచ్చి అని విసుక్కుంటాం గానీ, మనకి లేదా ఏమిటి? "కొట్టు" అంటే అందరికీ తెలుసు. "కొట్టేశాడు" అంటే? కాగితం మీద గీత పెట్టి పేరు కొట్టేయొచ్చు, పక్కవాడి పర్సు కొట్టేయొచ్చు, జడ్జీగారు కేసు కొట్టేయొచ్చు. "వేసుకో" అనేది చొక్కాకీ అదే, మాత్రకీ అదే, తలుపు గడియకీ అదే. ఇక్కడ పుట్టిన పిల్లలకి "వేసుకో" నేర్పించి చూడండి, మన తిప్పలు వాళ్ళ తిప్పలూ ఒకటేనని తెలుస్తుంది.

ఇంకా దగ్గరి పోలిక "పోవు". "మా నాయన పొద్దుగాలే పోయిండు" అని వరంగల్ ఆయన అంటే పొలానికో ఊరికో వెళ్ళాడని. "పోయారు" అన్న మాట వింటే గుంటూరు ఆయన గుండె గుభేలుమంటుంది. ఇద్దరిదీ తెలుగే, ఇద్దరిదీ సరైన తెలుగే. ఒకరిది తప్పనే హక్కు ఇంకొకరికి లేదు. వినేవాళ్ళు ఏ ఊరివాళ్ళో చూసుకుని మాట్లాడితే సరిపోతుంది. పాస్ అవుట్ సంగతి కూడా అచ్చం ఇంతే.

ఎందుకంటే మన అర్థం మనవాళ్ళు వంటింట్లో కలిపి చేసుకున్నది కాదు. బ్రిటిష్ సైన్యంలో శిక్షణ పూర్తిచేసుకుని బయటికి రావడాన్ని పాస్ అవుట్ అవడం అంటారు. ఆ రోజు జరిగే కవాతు పాసింగ్ అవుట్ పరేడ్. మన సైన్యానికీ మన పోలీసులకీ ఆ ముక్క అక్కడినుంచే వచ్చింది. నేషనల్ పోలీస్ అకాడమీ మొదట మౌంట్ ఆబూలో ఉండేది, 1975లో హైదరాబాదుకి వచ్చింది. అక్కడ కొత్త ఐపీఎస్‌ల కవాతు జరిగితే తెలుగు పేపర్లలో "పాసింగ్ అవుట్ పరేడ్" అనే చదువుతాం. కవాతు మైదానంలోంచి ఆ మాట కాలేజీ గేటు దాటి లోపలికి వచ్చింది. క్యాడెట్ అకాడమీలోంచి అవుట్, ఇంజనీరు కాలేజీలోంచి అవుట్. ఆ తర్వాత మనవాళ్ళు దాన్ని మనుషులకి పేరుగా కూడా మార్చేశారు. హైదరాబాదు ఉద్యోగ ప్రకటనల్లో "2015 పాసవుట్స్" అంటే 2015లో డిగ్రీ పట్టా పుచ్చుకున్నవాళ్ళు.

అమెరికాలో కథ ఇంకో దారిన నడిచింది. ఇక్కడ సైనిక కళాశాలలో కూడా గ్రాడ్యుయేషన్ అనే అంటారు, వెస్ట్ పాయింట్‌లో క్యాడెట్లు టోపీలు ఎగరేసేది గ్రాడ్యుయేషన్ రోజునే. స్పృహ తప్పడమన్న అర్థం ఇంగ్లీషులో సుమారు 1915 నాటికి కనిపిస్తుంది. అంతకు కొద్దిగా ముందు ఇదే మాటని చనిపోవడమన్న అర్థంలో కూడా వాడారు. ఆ నీడ ఇంకా పూర్తిగా పోలేదు, ఆ సంగతి తర్వాత చెబుతాను.

ఇవాళ అమెరికన్ నోట పాస్ అవుట్ అంటే ముందుగా స్పృహ తప్పడం. ఎండకైనా, ఆకలికైనా, రక్తం చూసైనా, తాగైనా. అలిసిపోయి ఒళ్ళు తెలియకుండా నిద్రపోయినా వేళాకోళంగా అదే మాట వాడతారు, "ఐ పాస్‌డ్ అవుట్ ఆన్ ద కౌచ్" అని. ఇది కాక ఇంకొకటుంది, పంచిపెట్టడం. దీంతోనే ఇళ్ళలో తమాషా. మనవరాలు బడినుంచి వచ్చి "అమ్మమ్మా, టీచర్ పాస్‌డ్ అవుట్ ద టెస్ట్స్ టుడే" అంటుంది. అమ్మమ్మగారికి ఇంగ్లీషు బొత్తిగా రాకపోతే గొడవే లేదు. కొద్దిగా వస్తేనే చిక్కు. "అయ్యో, పరీక్ష మధ్యలో టీచరు పడిపోయిందా? ఎవరు చూసుకున్నారే మిమ్మల్ని?" అంటారావిడ.

తేడా కనిపెట్టడం తేలికే. వెనక ఒక వస్తువు ఉంటే పంచిపెట్టడం, లేకపోతే పడిపోవడం. ఆ వస్తువుని మధ్యలోకి కూడా తేవచ్చు, "పాస్ ద టెస్ట్స్ అవుట్" అని. వస్తువు పేరు కాకుండా "దెమ్" అంటే మాత్రం అది మధ్యలోనే కూచోవాలి. "పాస్ దెమ్ అవుట్" అంటారు, "పాస్ అవుట్ దెమ్" అనరు. ఉచ్చారణ సంగతి కూడా ఇక్కడే చెప్పేస్తాను. రాసేటప్పుడు చివర డి అక్షరమున్నా పలికేటప్పుడు వినిపించేది "ట". కలిపి "ప్యాస్టవుట్" అన్నట్టుంటుంది, ఒత్తు "అవుట్" మీద. మనం డ మీద నొక్కి విడివిడిగా పలికితే ఫోనులో అవతలివాళ్ళు మళ్ళీ అడుగుతారు.

ఇక అసలు విషయం, ఆస్పత్రి. ప్లెయిన్స్‌బరో పేరు లోకంలో చాలామందికి తెలిసింది లేని ఆస్పత్రి వల్ల. "హౌస్" అనే టీవీ సీరియల్ 2004 నుంచి 2012 దాకా వచ్చింది. అందులోని ప్రిన్స్‌టన్-ప్లెయిన్స్‌బరో టీచింగ్ హాస్పిటల్ కల్పితం. బయటి నుంచి చూపించే భవనం ప్రిన్స్‌టన్ యూనివర్సిటీలోని ఫ్రిస్ట్ క్యాంపస్ సెంటర్. చాలా ఎపిసోడ్లు ఎవరో ఒకరు ఉన్నట్టుండి కుప్పకూలడంతోనే మొదలవుతాయి. మొట్టమొదటి ఎపిసోడ్‌లో పడిపోయేది ఒక కిండర్‌గార్టెన్ టీచరు, అదీ క్లాసులో పిల్లల ముందు. మన అమ్మమ్మగారు భయపడింది ఊరికే కాదన్నమాట! ఆ సీరియల్ చివరి ఎపిసోడ్ 2012 మే 21న వచ్చింది. మర్నాడు, మే 22న, ప్లెయిన్స్‌బరోలో రూట్ 1 పక్కన నిజం ఆస్పత్రి తలుపులు తెరిచారు. అంతవరకు ప్రిన్స్‌టన్ ఊళ్ళో విదర్‌స్పూన్ స్ట్రీట్ మీద ఉన్న ఆస్పత్రే ఇక్కడికి మారింది. ఇప్పుడు దాన్ని పెన్ మెడిసిన్ ప్రిన్స్‌టన్ మెడికల్ సెంటర్ అంటున్నారు. ఫాక్స్ రన్‌లో ఉన్నా, హంటర్స్ గ్లెన్‌లో ఉన్నా మనకి కారులో కొద్ది నిమిషాల దూరం.

ఇక్కడనే కాదు, ఏ ఊరి ఎమర్జెన్సీకైనా పెద్దవాళ్ళు పడిపోయారని తీసుకెళ్తే తప్పకుండా అడిగే ప్రశ్న, "డిడ్ హీ పాస్ అవుట్?" చిన్న ప్రశ్నలా ఉంటుంది గానీ చాలా బరువైంది. కాలుజారి పడడం వేరు, స్పృహ తప్పి పడడం వేరు. కాలుజారితే ఎముకలూ తలా చూస్తారు. స్పృహ తప్పితే ఎందుకు తప్పిందో వెతకాలి. ఈసీజీ తీస్తారు, షుగరు చూస్తారు, పడుకోబెట్టి ఒకసారి నిలబెట్టి ఒకసారి బీపీ చూస్తారు. నీళ్ళు సరిగా తాగకపోవడం, బీపీ మాత్రల మోతాదు లాంటి చిన్న కారణాలు ఉంటాయి. గుండె లయ తప్పడం లాంటి పెద్ద కారణమూ ఉండొచ్చు. తెలుగులో "నాన్న పడిపోయాడు" అన్న మాట రెండింటికీ చెల్లుతుంది. దాన్ని మనం "హీ ఫెల్ డౌన్" అని మార్చి చెప్పామంటే కాలుజారినట్టే అనుకునే ప్రమాదం ఉంది. "హీ పాస్‌డ్ అవుట్ అండ్ ఫెల్" అంటే బొమ్మ మారిపోతుంది.

తర్వాతి చిక్కు "కళ్ళు తిరిగాయి". దీన్ని మనం "గిడ్డీనెస్" అంటాం. అమెరికాలో గిడ్డీ అంటే ఎక్కువగా సంబరంతో ఉబ్బితబ్బిబ్బవడం, పుట్టినరోజు పిల్లల్లాగా. "డిజీ" అనాలి. అది కూడా సగమే చెబుతుంది. గది గిర్రున తిరిగినట్టు ఉందా? అయితే "ద రూమ్ వాజ్ స్పిన్నింగ్". కళ్ళు బైర్లు కమ్మి ఇక పడిపోతామనిపించిందా? అయితే "లైట్‌హెడెడ్", లేదా "ఐ ఆల్మోస్ట్ పాస్‌డ్ అవుట్". మొదటిదానికి కారణం చాలాసార్లు లోపలి చెవిలో ఉంటుంది. రెండోదానికి రక్తపోటు, గుండె, ఒంట్లో నీరు ఇవన్నీ చూసుకోవాలి. తెలుగులో ఈ తేడాకి మాటలు లేక కాదు, తల దిమ్ము, కళ్ళు చీకట్లు, తూలు, సొమ్మ అని అమ్మ దగ్గర కావలసినన్ని ఉన్నాయి. మనమే అడక్కుండా "గిడ్డీనెస్" అని ఒక్క ముక్కలో తేల్చేస్తాం. నా లెక్కలో ఇంగ్లీషు రాకపోవడం కన్నా ఈ తొందరే ఎక్కువ చేటు.

"మూర్ఛ" మరీ తమాషా మాట. మూర్ఛ వచ్చింది అంటే ఫిట్స్. మూర్ఛపోయింది అంటే స్పృహ తప్పింది. రావడానికీ పోవడానికీ అంత తేడా! ఇక్కడ మొదటిదాన్ని "సీజర్" అంటారు, రోము చక్రవర్తి పేరులాగే వినిపిస్తుంది. ఫిట్స్ అన్న మాట ఇక్కడి ఆస్పత్రుల్లో వాడరు. రెండోది పాస్ అవుట్. వీటిని కలగలిపి చెబితే గుండె డాక్టరు చూడాల్సిన మనిషి నరాల డాక్టరు దగ్గర తేలొచ్చు.

ఇంకో ప్రశ్న వస్తుంది, "హౌ లాంగ్ వాజ్ హీ అవుట్?" పాస్ జారిపోయి అవుట్ ఒక్కటే మిగిలింది చూడండి. ఎంతసేపు స్పృహలో లేడు అని అర్థం. పొద్దున్నే వాకింగ్‌కి వెళ్ళొచ్చి గుమ్మంలో పడిపోయిన తాతగారి గురించి ఇలా అడిగారనుకోండి. మామ్మగారు "థర్టీ మినిట్స్" అంటారు. ఆవిడ చెప్పింది ఆయన బయట తిరిగిన సేపు. రాసుకునేవాళ్ళు అరగంట స్పృహ లేదని రాసుకుంటారు. అరనిమిషానికీ అరగంటకీ వైద్యంలో ఎంత దూరమో చెప్పక్కర్లేదు. అలాగే "వెన్ డిడ్ హీ కమ్ టు?" అన్నప్పుడు, ఎక్కడికి రావడం అని మనం ఎదురుచూస్తాం. వాక్యం అక్కడితో అయిపోయింది. కమ్ టు అంటే తెలివి రావడం.

చూసినవాళ్ళు చెప్పే మాట మీద డాక్టర్లు చాలా ఆధారపడతారు. పడిపోయేముందు ఏం చేస్తున్నారు, చెమటలు పట్టాయా, గుండె దడ అన్నారా, ఎంతసేపటికి కళ్ళు తెరిచారు, లేచాక మనుషుల్ని గుర్తుపట్టారా, తలకి దెబ్బ తగిలిందా, రక్తం పలచబడే మందులేమైనా వేసుకుంటున్నారా. ఇవి అమ్మానాన్నలు తెలుగులో చెబితే చాలు, ఇంగ్లీషులోకి మార్చే బాధ్యత ఆస్పత్రిది. 2010 నాటి ఆరోగ్య సంస్కరణ చట్టంలోని 1557వ సెక్షను ప్రకారం ఫెడరల్ డబ్బు అందుకునే ఆస్పత్రులు ఇంగ్లీషు సరిగా రానివాళ్ళకి దుబాసీని ఉచితంగా ఏర్పాటు చేయాలి. ప్రాణం మీదికి వచ్చిన సందర్భాల్లో తప్ప చిన్నపిల్లల్ని దుబాసీలుగా వాడుకోకూడదు. పన్నెండేళ్ళ మనవడు తాతగారి గుండె సంగతులు అటూ ఇటూ మోయడం మనకి ముచ్చటగా ఉండొచ్చు. అది వాడి పని కాదు. "తెలుగు ఇంటర్‌ప్రెటర్ ప్లీజ్" అనే మూడు మాటలు మాత్రం పెద్దవాళ్ళకి కంఠతా రావాలి. ఉత్తినే "ఇండియన్" అంటే ఫోనులో హిందీ పలకరింపు వినిపించినా ఆశ్చర్యం లేదు.

911కి ఫోను చేసినప్పుడు ముందు అడ్రసు చెప్పండి, తర్వాత "మై ఫాదర్ పాస్‌డ్ అవుట్". అక్కడ అదే సరైన వాక్యం, దానికన్నా పొట్టిగా స్పష్టంగా ఇంకోటి లేదు. వెంటనే రెండు ప్రశ్నలు వస్తాయి. "ఈజ్ హీ అవేక్? ఈజ్ హీ బ్రీదింగ్?" మెలకువగా ఉన్నారా, ఊపిరి తీస్తున్నారా అని. ఎస్, నో చాలు. ఊపిరి లేదంటే ఛాతీ మీద ఎలా నొక్కాలో వాళ్ళే ఫోనులో చెబుతారు. ఫోను పెట్టేయకూడదు.

ఇందాక నీడ అన్నాను కదా, అది "పాస్‌డ్" ఒంటరిగా వచ్చినప్పుడు కనిపిస్తుంది. మన చెవికి పాస్ అంటే శుభవార్త. వీధిలో చాక్లెట్లు పంచే వార్త. అమెరికాలో ఒక మనిషి "పాస్‌డ్" అంటే చనిపోయారని. "పాస్‌డ్ అవే"లో అవే రాలిపోయింది. చచ్చిపోయాడు అనలేక మనం "పోయారు", "కాలం చేశారు" అన్నట్టే వాళ్ళదీ మర్యాదే. కాబట్టి కుటుంబ చరిత్ర అడిగినప్పుడు నాన్నగారు గొప్పగా "మై బ్రదర్ పాస్‌డ్ ఇన్ 1965, ఫస్ట్ క్లాస్" అంటే నర్సు సానుభూతి చూపించి, ఎన్నేళ్ళకి, ఏ జబ్బుతో అని అడుగుతుంది. తిరగబడితే ఇంకా ఇబ్బంది. పక్కింటి ముసలాయన కూతురు వచ్చి "డాడ్ పాస్‌డ్ దిస్ మార్నింగ్" అంటుంది. ఆయన డ్రైవింగ్ టెస్టుకి వెళ్ళొచ్చాడేమో అనుకుని మన పెద్దావిడ నవ్వుతూ "వెరీ గుడ్" అన్నారంటే, తర్వాత ఎవరు ఎంత సర్దిచెప్పినా ఆ గుమ్మంలో నిలబడ్డ అమ్మాయికి ఆ నవ్వు గుర్తుండిపోతుంది.

రెజ్యూమే సంగతి రెండు ముక్కల్లో. అక్కడ "గ్రాడ్యుయేటెడ్ ఫ్రమ్" అని రాయండి, "ఫ్రమ్" మానకండి. నైంటీ ఎయిట్ బ్యాచ్ అనే బదులు "క్లాస్ ఆఫ్ నైంటీ ఎయిట్" అనండి. ఇక్కడ హైస్కూలు పూర్తిచేసినా గ్రాడ్యుయేటే, కిండర్‌గార్టెన్ పిల్లలకి కూడా టోపీ పెట్టి ఫొటో తీస్తారు, కాబట్టి డిగ్రీ పేరు కూడా చెప్పాలి. ఆ మాత్రం చాలు.

ఇంట్లో తెలుగులో మాట్లాడుకునేటప్పుడు ఎప్పటిలాగే పాస్ అవుట్ అనుకోండి. దాన్ని తుడిచేయమని నేను చెప్పను. కాకపోతే సెలవులకి ఇండియా వెళ్ళేముందు పిల్లలకి ఒకమాట చెప్పి తీసుకెళ్ళండి. హైదరాబాదులో పెదనాన్నగారు వీధి గుమ్మంలోనే ఎదురొచ్చి "మీ అన్నయ్య నిన్ననే పాస్ అవుటయ్యాడర్రా" అంటారు. వెనకాలే పెద్దమ్మ పళ్ళెం నిండా లడ్లు పట్టుకుని నవ్వుతూ వస్తారు. లడ్డు చేతిలో పట్టుకుని మీ పిల్ల మొహమంతా కంగారుగా "ఈజ్ హీ ఓకే?" అని అడుగుతుంది.

వచ్చేవారం "పుటప్". "వేర్ ఆర్ యూ పుటప్?" అని మనం ఆప్యాయంగా అడిగితే అమెరికన్ ఎందుకు తెల్లమొహం వేస్తాడో చూద్దాం.